తొమ్మిది రోజుల పాత చీటీ

మా అత్త మనుషుల్ని కాళ్ల దగ్గర్నుంచి చూడడం మొదలుపెట్టేది. ముఖం ఆఖరున. ముప్పై ఒక్క ఏళ్లు విమానాశ్రయంలో చెకిన్ కౌంటర్ వెనక నిలబడ్డ మనిషి. ఇదేం అలవాటని అడిగితే, "ముఖం అబద్ధం చెబుతుందే. కాళ్లకి ఆ తెలివి లేదు" అనేది. వరసలో ఇరవై మంది వెనక ఉన్న గర్భిణిని కూడా ఇట్టే పట్టేసేది. వదులు కోటు వేసుకున్నా, సంచీ అడ్డం పెట్టుకున్నా లాభం లేదు. కౌంటర్ మీంచి మెడ చాచి, "అమ్మా, నీలం చెప్పులూ! నిన్నే. ఇలా ముందుకొచ్చెయ్. ఎవరైనా ఏమైనా అంటే నాకు చెప్పు" అని కేకేసేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు. మా అత్త ఐదడుగుల పది అంగుళాల పొడుగు.

ఆ పొడుగుకీ, రూలంటే రూలేనన్న పట్టుదలకీ కలిపి తోటివాళ్లు ఆవిడకి కొలబద్ద అని పేరు పెట్టారు. చాటున కాదు, ఎదురుగానే పిలిచేవారు. ఆవిడా పలికేది.

అత్త పోయి ఎనిమిది నెలలైంది. ఆవిడ గురించి రాయాలని ఎప్పుడు కూర్చున్నా మిగతా రోజులన్నీ పక్కకి తప్పుకుని ఒక్క రోజే ముందుకొచ్చి నిలబడుతోంది. ఆ రోజు ఆవిడ నన్ను విమానం ఎక్కనివ్వలేదు.

దానికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. అత్త మా నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. మావయ్య ఓడల మీద ఉద్యోగం చేసేవాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ల మీదే. అత్త తను ఉద్యోగంలో చేరిన మూడో ఏట కడుపుతో ఉంది, ఏడో నెల వచ్చింది. ఇంట్లో ఒక్కతే ఉండలేక మా ఊరు బయల్దేరింది. తన విమాన కంపెనీ వాళ్లిచ్చే ఉచిత టికెట్టు. ఉచితం కాబట్టి చివరికి మిగిలిన సీటే గతి. ఇద్దరు భారీ మనుషుల మధ్య ఇరుక్కుని కూర్చుంది. విమానం నేల మీదే గంటన్నర ఆగింది, ఆ తర్వాత రెండు గంటల ప్రయాణం. లేవాల్సి వస్తుందని మంచినీళ్లు తాగలేదు. లేపడానికి మొహమాటపడి కదల్లేదు. బెల్టు సరిగ్గా పొట్ట మధ్యన బిగించుకుంది. దిగే వేళకి పాదాలు చెప్పుల్లో పట్టలేదు.

"మీ నాన్న నా చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని ముందు నడిచాడు. నేను వెనకాల వట్టి కాళ్లతో, మహారాణిలా" అని ఆ ముచ్చట ఎన్నిసార్లు చెప్పేదో! "ఏం మహారాణి? కుంటుకుంటూ వచ్చింది. నన్ను చూసి జనం చెప్పులు కుట్టేవాణ్ణనుకున్నారు" అని నాన్న అందుకునేవాడు.

కాన్పు సుఖంగానే అయింది. కాని తిరిగి పనిలో చేరాక అత్త కౌంటర్ దగ్గర ఒక పద్ధతి పెట్టుకుంది. గర్భిణి కనబడితే ముందు నడవా పక్క సీటు వెతికేది. అది రెక్కల దగ్గరైతే మరీ మంచిది, కుదుపు తక్కువ. అత్యవసర ద్వారం పక్క వరస మాత్రం ఇచ్చేది కాదు. ఆ తర్వాత బోర్డింగ్ కార్డుతో పాటు చేతిలో ఒక కాగితం పెట్టేది. ఆ కాగితంలో మాటలు ఆవిడవి, అక్షరాలు నావి. ఆవిడ దస్తూరీ ఆవిడకే అర్థమయ్యేది కాదు. అందుకని నేను కాలేజీలో ఉండగా ఒక ఆదివారం నన్ను కూర్చోబెట్టి, తను పచార్లు చేస్తూ చెప్పి రాయించింది.

"రాయి. బెల్టు పొట్ట మీద కాదు, పొట్ట కింద, తుంటి ఎముకల మీదుగా. చాలకపోతే పొడిగించే బెల్టుంటుంది, అడగండి, సిగ్గుపడొద్దు. రాశావా? గంటకొకసారి లేచి నడవా చివరిదాకా వెళ్లి రండి. కుదరకపోతే కూర్చున్నచోటే పాదాలు గుండ్రంగా తిప్పండి. కాలి పిక్కల్లో నెత్తురు నిలబడకూడదు. నీళ్లు తాగుతూ ఉండండి. గ్యాసు నిండిన పానీయాలు వద్దు, పైకెళ్లాక పొట్ట బుడగవుతుంది. డాక్టరు కాగితాలన్నీ చేతిసంచీలోనే పెట్టుకోండి, పెట్టెలో వేసి పంపించేస్తే మీరొక చోట, అవొక చోట."

"అత్తా, నెత్తురు అని రాస్తే భయపడతారేమో. రక్తప్రసరణ అని రాయనా?"

"అది చదివితే నిద్రపోతారు. నెత్తురనే రాయి."

కాగితం చివర రెండు గీతలు గీయించి రాయించిన మాట ఇది: "ఇరవై ఎనిమిది వారాలు దాటితే డాక్టరు చీటీ కావాలి. చీటీ ప్రయాణానికి ఏడు రోజుల లోపుది కావాలి. ముప్పై ఆరు వారాలు నిండితే మా కంపెనీ ఎక్కించుకోదు. వేరే కంపెనీల రూళ్లు వేరుగా ఉండొచ్చు, కనుక్కోండి." గుండ్రటి అక్షరాలతో నా చేత్తోనే రాశాను.

పదేళ్ల తర్వాత నా కడుపున మా పెద్దది పడింది. అప్పటికి నేనూ మా ఆయనా అత్త ఉన్న ఊళ్లోనే కాపురం. అమ్మా నాన్నా పాత ఊళ్లో. నాకు ముప్పై రెండో వారం నడుస్తుండగా నాన్నకి గుండె ఆపరేషన్ అన్నారు. మూడు నాళాలు మూసుకుపోయాయట. రైల్లో అయితే రాత్రీ పగలూ కలిపి ఇరవై ఆరు గంటలు. విమానంలో రెండు గంటలు. మా డాక్టరమ్మ పరీక్ష చేసి చీటీ రాసిచ్చింది. టికెట్టు అత్తే తీసింది. బయల్దేరే ముందు రోజు అమ్మ ఫోన్ చేసింది: నాన్నకి దగ్గు పట్టుకుంది, అది తగ్గేదాకా ఆపరేషన్ చెయ్యరట, ఒక వారం వాయిదా. అత్త కౌంటర్ దగ్గర్నుంచే నా టికెట్టు వారం తర్వాతకి జరిపింది. "ఏమే, చీటీ ఉందిగా?" అని ఫోన్‌లో అడిగింది. "ఉంది" అన్నాను. చేతిసంచీలో జాగ్రత్తగా పెట్టుకున్నాను కూడా.

వారం గడిచింది. పొద్దున్న ఏడింటికి నాన్నకి ఆపరేషన్ అనగా ముందు రోజు, తొమ్మిది గంటలకి, మా ఆయన నన్ను విమానాశ్రయంలో దింపి, పెట్టె పట్టుకుని కౌంటర్ దాకా వచ్చాడు. ఆయన బడిపంతులు. పరీక్షల రోజులు, సెలవివ్వలేదు. నేనొక్కదాన్నే వెళ్లాలి. పదిన్నరకి విమానం. పన్నెండున్నరకి దిగితే సాయంత్రం దాకా నాన్న మంచం పక్కన కూర్చోవచ్చు. నాన్న అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి, "బయల్దేరావా? నువ్వొస్తే గానీ ఈ డాక్టర్లు చెప్పేది నాకు అర్థం కాదు" అన్నాడు. డాక్టర్లు చెప్పేది నాన్నకి బాగానే అర్థమైంది. అందుకే భయం.

అత్త యూనిఫాంలో ఉంది. నన్ను చూసి నవ్వి, చెయ్యి చాపింది. "చీటీ."

ఇచ్చాను. చదివింది. వెనక్కి తిప్పి చూసింది. మళ్లీ ముందుకి తిప్పింది.

"ఇది ఎప్పుడు రాయించావు?"

"మొదటిసారి టికెట్టు తీశావు కదా, అప్పుడు."

"తొమ్మిది రోజులైంది."

"అవును."

"ఏడు రోజుల లోపుది కావాలి కదే."

ఆటపట్టిస్తోందనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. మా ఆయన కౌంటర్ మీదకి వంగి మెల్లగా అన్నాడు. "అత్తయ్యగారూ, రెండు రోజులే కదండీ తేడా. మన అమ్మాయి."

"మన అమ్మాయి కాబట్టే ఇంత మెల్లగా చెబుతున్నాను బాబూ. వేరే వాళ్లకయితే ఈపాటికి పక్కకి జరగమనేదాన్ని."

సంగతేమిటని వాళ్ల సూపర్‌వైజరు వచ్చాడు. అత్తకంటే పదేళ్లు చిన్న. చీటీ చూశాడు, నా పొట్ట చూశాడు, అత్త మొహం చూశాడు. "అక్కా, కొలబద్ద కూడా ఒక్కోసారి వంగుతుంది. నేనలా అటు తిరిగి నిలబడతాను, నువ్వు కానిచ్చెయ్" అన్నాడు.

"నువ్వెటు తిరిగితే ఏం లాభంరా? కడుపు ఇటే ఉందిగా."

"పిల్ల శుభ్రంగానే ఉంది కదక్కా."

"నీకు తెలుసా? నాకు తెలుసా? ఈ కాగితంలో ఉన్నది తొమ్మిది రోజుల కిందటి పిల్ల. ఆ పిల్లని డాక్టరు చూసింది. ఇదిగో, ఇక్కడ నిలబడ్డ పిల్లని ఎవరూ చూళ్లేదు. ఈ నెలల్లో వారానికీ వారానికీ పోలిక ఉండదు. పైన గాల్లో ఏమైనా అయితే కిందకి దించడానికి ముప్పావుగంట. ఆ ముప్పావుగంట దీని పక్కన నువ్వుంటావా, నేనుంటానా?"

నాకు ఏడుపొచ్చింది. కోపం అంతకంటే ముందొచ్చింది. "అక్కడ మంచం మీద ఎదురుచూస్తున్నది మీ అన్నయ్య అత్తా!" అన్నాను.

"ఎవరి అన్నయ్యో నాకు తెలుసు."

"రేపు ఆయనకి ఏమైనా అయితే నీ రూలుబుక్కు పట్టుకుని ఏడువు."

వరసలో నా వెనక ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు. అత్త రెప్ప వెయ్యలేదు. "ఏడుస్తాను. ముందు నువ్వు కూర్చో" అని పక్క కౌంటర్ కుర్చీ లాక్కొచ్చి నా వెనక పెట్టింది. ఒక గ్లాసుడు నీళ్లు ఇచ్చింది. తర్వాత నా ముందు గొంతుక్కూర్చుంది. అంత పొడుగు మనిషి కూర్చున్నా ఆవిడ కళ్లు నా కళ్ల ఎత్తుకే వచ్చాయి.

"ఇందులో నీ తప్పెంతో నా తప్పూ అంతే. టికెట్టు జరిపింది నేను. తేదీ జరిగితే చీటీ కూడా మార్చుకోండని ఊళ్లో ఆడాళ్లందరికీ చెప్పేదాన్ని. నీకు చెప్పలేదు. అది రాసిందే నువ్వు కదా, నీకెందుకు చెప్పడమని."

"మా అత్త కౌంటర్లో ఉండగా నాకేంటని నేనూ తేదీ చూసుకోలేదు" అన్నాను ముక్కు తుడుచుకుంటూ. ఇంకా కోపంగానే అన్నాను.

ఆవిడ లేచి కంప్యూటర్ దగ్గరికెళ్లింది. చాలాసేపు ఏదో కొట్టింది. "సాయంత్రం అయిదింటి దాన్లో సీటుంది. పన్నెండో వరస, నడవా పక్క. ఏడింటికి దిగుతావు. మీ డాక్టరమ్మ పన్నెండింటికి కూర్చుంటుంది, వెళ్లి చూపించుకుని కొత్త చీటీ తీసుకురా. ఆవిడ వెళ్లమంటే వెళ్తావు. వద్దంటే..."

సాయంత్రం విమానం ఎప్పుడూ కిక్కిరిసి ఉంటుందని నాకు తెలుసు. అందులో సీటెలా దొరికిందని అడగాలని తట్టలేదు. ఆ సీటు అత్తది. పొద్దుటి డ్యూటీ దిగి, సాయంత్రం తను బయల్దేరి, ఆపరేషన్‌కి ముందు అన్నయ్యని చూడాలని ఆవిడ పది రోజుల ముందునుంచీ పట్టిపెట్టుకున్న సీటు. ఆపరేషన్‌తో పాటు దాన్నీ వారం జరిపింది. ఈసారి ఉచిత టికెట్టు కూడా కాదు, నిఖార్సుగా డబ్బు పెట్టి కొన్నది. తన టికెట్టు రద్దు చేసుకుని, ఖాళీ అయిన ఆ సీటు నా పేర రాసింది. నాతో ఒక్క ముక్క అనలేదు.

డాక్టరమ్మ దగ్గర బీపీ పోయినసారి కంటే కొంచెం ఎక్కువుంది. ఆవిడ తల ఊపి, నన్ను ఎడమవైపు తిరిగి పడుకోమంది. అరగంట పడుకున్నాను. ఆ అరగంటా నాన్న మంచం కళ్ల ముందే ఉంది. ఈలోగా మూత్ర పరీక్ష చేయించింది. బిడ్డ గుండె చప్పుడు వింది. మళ్లీ బీపీ చూసింది. దిగింది.

"ఎవరితోనైనా పోట్లాడావా?"

"మా అత్తతో."

"గెలిచావా?"

"లేదండి."

"ఆవిడ గెలవడమే మంచిదైంది. పొద్దున్న ఇంత బీపీతో ఎక్కేసి ఉన్నా ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు ఫరవాలేదు, వెళ్లు. బిగుతు మేజోళ్లు వేసుకో. దిగిన చోట రేపు మళ్లీ బీపీ చూపించుకో. ఎలాగూ హాస్పిటల్‌కే కదా వెళ్తున్నావు. తిరుగు ప్రయాణం ఎప్పుడు?"

"పది రోజులకి."

"అప్పటికి ఇది పాతదైపోతుంది. అక్కడి డాక్టరు చేత ఇంకోటి రాయించుకో" అని ముప్పై మూడో వారం అనీ, కడుపులో ఒక్క బిడ్డే అనీ, ప్రసవం తేదీ ఫలానా అనీ కొత్త చీటీ రాసిచ్చింది.

నాలుగింటికి మళ్లీ వెళ్లేసరికి అత్త కౌంటర్ దగ్గరే ఉంది. డ్యూటీ రెండింటికే అయిపోయింది. కొత్త చీటీ పొద్దున్న ఎంత జాగ్రత్తగా చదివిందో అంతే జాగ్రత్తగా చదివి, బోర్డింగ్ కార్డు ఇచ్చింది. నేను కార్డు సంచీలో పెట్టుకున్నాను. ఆవిడే, "అన్నయ్యతో చెప్పు" అంది. ఏం చెప్పాలో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు.

విమానంలో కిటికీ పక్క సీట్లో ఒక పెద్దమనిషి. నేను బెల్టు కిందకి సర్దుకుంటుంటే ఓరగా చూసి, గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మరేం అనుకోకు. ఇప్పట్లో ఏం కాదు కదా?"

"ఇంకా ఏడు వారాలుందండి."

"అమ్మయ్య. నేను ప్లంబర్నమ్మా. పైపులు తప్ప నాకేమీ తెలీదు."

నవ్వొచ్చింది. ఆ రోజంతా అదే మొదటి నవ్వు. ఆయనకి మాత్రం ధైర్యం చాలలేదు. నేను నడవాలోకి లేచిన ప్రతిసారీ వాచీ చూసుకునేవాడు, నేనొచ్చి కూర్చున్నాక ఊపిరి వదిలేవాడు. నాలుగుసార్లు లేచాను. రెండు సీసాల నీళ్లు తాగాను. కోపంతోనే అయినా కాగితంలో ఉన్నవన్నీ పొల్లుపోకుండా చేశాను.

హాస్పిటల్‌కి చేరేసరికి ఏడున్నర దాటింది. చూడ్డానికి వచ్చేవాళ్లని ఎనిమిదింటికి పంపించేస్తారు. నాన్న మంచం మీద కూర్చుని తలుపు వైపే చూస్తున్నాడు. నన్ను చూసి, నా వెనక చూశాడు.

"అదేది?"

"ఎవరు నాన్నా?"

"మీ అత్త. సాయంత్రం విమానానికి వస్తానంది కదా. నువ్వూ సాయంత్రమే అన్నావుగా, ఇద్దరూ కలిసే వస్తున్నారేమో అనుకున్నాం."

అమ్మా అదే మాట అంది. నేను కూర్చుని వచ్చిన సీటు ఎవరిదో అక్కడే నాకు తెలిసింది. పొద్దున జరిగిందంతా చెప్పాను, నేనన్న మాట తప్ప. తర్వాత అదీ చెప్పాను. నాన్న తిట్టలేదు. ఫోన్ తీసి అత్తకి కలిపాడు. ఆవిడ గొంతు ఎప్పుడూ పెద్దదే. ఫోన్ నాన్న చెవి దగ్గరున్నా నాకూ అమ్మకీ వినబడుతూనే ఉంది.

"ఏమే, నా కూతుర్ని నలుగురిలో ఏడిపించావట?"

"ఏడిపించాను. క్షేమంగా చేరిందా?"

"చేరింది. తల దించుకు కూర్చుంది."

"తల దించుకుంటే మెడ నొప్పెడుతుంది. కాళ్లు చాపుకు కూర్చోమను." మళ్లీ అత్తే అంది. "అన్నయ్యా, పొద్దున్న మొదటి విమానానికి వస్తున్నాను. తొమ్మిదవుతుంది వచ్చేసరికి."

"ఏడింటికే లోపలికి తీసుకెళ్తారటే."

"తెలుసు."

"మరి?"

"మరేముంది? నువ్వు లోపలుంటావు, నేను బయట కూర్చుంటాను. భయమేస్తోందా?"

"వేస్తోంది."

"నాకూను. పెట్టెయ్యి, పడుకో."

ఎనిమిదింటికి నర్సు వచ్చి మమ్మల్ని పంపించేసింది. నాన్న చెయ్యి నా చేతిలో ఉన్నది ఆ అరగంటలో ఎంతసేపో చెప్పలేను. కొద్దిసేపే.

మర్నాడు ఏడింటికి నాన్నని లోపలికి తీసుకెళ్లారు. తొమ్మిదింబావుకి అత్త వచ్చింది. అదే యూనిఫాం, బట్టలు మార్చుకోలేదు. అమ్మని పట్టుకుంది, అన్నయ్య ఎలా ఉన్నాడని అడిగింది, లోపలికి వెళ్లి రెండు గంటలైందని విన్నది. తర్వాత నావైపు తిరిగి, "బీపీ చూపించుకున్నావా?" అంది.

"లేదు. ఇప్పుడెలా వెళ్తాను?"

"నడిచి వెళ్తావు. లే."

కింద అంతస్తులో గర్భిణుల విభాగం. అక్కడ టోకెన్ తీసుకుంటే నా వంతు రావడానికి పన్నెండైంది. ఇద్దరం పక్కపక్కనే బల్ల మీద కూర్చున్నాం. "అత్తా, నిన్న నేనన్న మాట..." అని మొదలుపెట్టాను.

"ఏ మాట?" అంది. గుర్తులేదన్నట్టు కాదు, ఇప్పుడు కాదన్నట్టు. ఆవిడ వేళ్లు టోకెన్ ముక్కని మడుస్తూ విప్పుతూ ఉన్నాయి. అది నలిగి మెత్తబడిపోయింది. నా పేరు పిలిచినప్పుడు నర్సు దాన్ని చదవలేక చిరాకుపడింది.

బీపీ బాగానే ఉంది. ఆ అంకె చీటీ మీద రాయించేదాకా అత్త కదల్లేదు.

పైకొచ్చేసరికి వసారా చివర అమ్మ ఒక్కతే నిలబడి, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆపరేషన్ గది తలుపు తెరిచి ఉంది. సర్జన్ అప్పుడే మాట్లాడి వెళ్లిపోయాడు. మేము అక్కడ లేము.

నా పక్కనున్న అత్త ఆగిపోయింది. కౌంటర్ వెనక పూటకి ఎనిమిది గంటలు నిలబడే మనిషి అక్కడికక్కడే గోడకి జారగిలబడి, నేల మీద కూర్చుండిపోయింది. ఆవిడ అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

అమ్మ చూసి పరుగెత్తుకొచ్చింది. "వదినా, వదినా! బాగా అయిందట! అంతా బాగా అయిందట! సాయంత్రానికి ఆయన మాట్లాడతారట! నాకే ఏడుపు ఆగట్లేదు..."

అత్త గోడ పట్టుకుని లేవబోయి, మళ్లీ కూర్చుండిపోయింది. అమ్మ ఒక చెయ్యి పట్టుకుంది, చాల్లేదు. నేను రెండో చెయ్యి అందుకోబోయాను.

"నువ్వు ముట్టుకోకు" అంది అత్త కింద నుంచే. కళ్ల నిండా నీళ్లు. గొంతు మాత్రం కౌంటర్ గొంతే. "ముప్పై మూడో వారంలో బరువులెత్తకూడదు. ఎవరినైనా మగాణ్ణి పిలు."